మాణిక్యమ్మ ఎందుకు తిరిగొచ్చింది

హాజరు పిలిచేటప్పుడు మా క్లాసులో చివరి పేరు నాది. దానికి ముందు పేరు నా బిడ్డది. భవిత "ప్రెజెంట్ మేడం" అనగానే నేను కూడా "ప్రెజెంట్ మేడం" అనేదాన్ని. కిటికీ పక్కన కూర్చున్న ఆడపిల్లలు ముసిముసిగా నవ్వేవాళ్ళు. భవిత పుస్తకంలో తల దూర్చేది. దానికి పద్దెనిమిది, నాకు ముప్పై ఏడు. మేడ్చల్ కాలేజీలో బి.ఏ. మొదటి సంవత్సరం, తెలుగు సాహిత్యం గ్రూపు.

జయమ్మ టీచరుకు, అంటే నాకు, చిన్నప్పటి నుంచీ సాహిత్యమంటే పిచ్చి అని ఇప్పుడు మా స్కూల్లో కొత్తగా చేరినవాళ్ళు అనుకుంటారు. నాకు అప్పట్లో సీరియల్ పిచ్చి తప్ప ఏ పిచ్చీ లేదు. తలకాయల లెక్క తక్కువైతే నన్ను చేర్చుకున్నారు, అంతే సంగతి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. కరీంనగర్ రోడ్డు పక్క జొన్నచేలన్నీ ప్లాట్లవుతున్న రోజులు. తొలకరి పడ్డ వారంలో ఒక సాయంత్రం భవిత ఒక పెద్దావిడను వెంటబెట్టుకొని అలియాబాద్‌లో మా ఇంటికి వచ్చింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకొని, చెప్పులకు బంకమట్టి అంటించుకొని వచ్చిన ఆవిడ పార్వతీదేవి మేడం, వాళ్ళ కాలేజీలో తెలుగు చెప్తుంది. గోదావరి వైపు మనిషి. భర్త ఉద్యోగం మీద ఇటు వచ్చి నాగారంలో కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నారట. అక్కడి నుంచి రోజూ బస్సులు మారి మేడ్చల్ వస్తుంది.

మా ఇంటాయన జనార్ధన్ అరుగు మీద కూర్చుని ఫోన్లో ఎవరికో ప్లాటు హద్దులు చెప్తున్నాడు. మాకు పొలం ఉంది, కానీ ఆయన మనసు పొలంలో కంటే పంచాయితీల్లో ఎక్కువ ఉండేది. చుట్టుపక్కల ఎక్కడ గట్టు తగాదా వచ్చినా ఆయన పోయి తీర్పు చెప్పాల్సిందే.

మేడం చాయ్ తాగి విషయం చెప్పింది. పిల్లలంతా కంప్యూటర్ల వెంట పడ్డారు, తెలుగు గ్రూపులో చేరేవాళ్ళు లేరు. ఉన్నవాళ్ళకు ఇంకొక్కరు కలవకపోతే గ్రూపు ఎత్తేసి, చేరిన పిల్లల్ని వేరే గ్రూపుల్లో సర్దేస్తానని ప్రిన్సిపాల్ అన్నాడట. భవిత పట్టుబట్టి చేరింది ఆ గ్రూపు కోసమే.

"మీ ఊళ్ళో ఇంటర్ పాసై ఇంట్లో ఉన్న అమ్మాయిలెవరైనా ఉన్నారేమో అడుగుదామని వచ్చానండీ," అంది మేడం.

"ఇంట్ల ఎవలున్నరు మేడం? అందరు కొంపల్లి పోయి కంప్యూటర్ నేర్సుకుంటున్నరు."

ఆవిడ గ్లాసు కింద పెట్టి నా వైపు చూసింది. "మీరేం చదివారండీ?"

"నేనా? ఇంటర్ పాసైన. పెండ్లి గాకముందు."

నేను తమాషాకు చెప్పాను. ఆవిడ తమాషాకు వినలేదు. అలా చూస్తూనే ఉంది. భవితకు ముందు అర్థమైంది. "వద్దు మేడం, అమ్మ వద్దు," అని గాబరా పడింది.

ఇంటాయన ఫోన్ పెట్టేసి పకపకా నవ్వాడు. "రాసుకోండ్రి మేడం. జయమ్మ పేరు రాసుకోండ్రి. పేరే గద మీకు కావాల్సింది? మా సొసైటీల గూడ గంతే. సభ్యుల పేర్లు ఉంటయి, మీటింగుకు రాకున్నా నడుస్తది."

సొసైటీ అంటే మా వ్యవసాయ సహకార సంఘం. దాంట్లో సభ్యుల్ని చేర్పించడంలో ఆయనను మించినవాళ్ళు లేరు. కాలేజీ కూడా అలాంటిదే అనుకున్నాడు. అబద్ధమెందుకు, నేనూ అలాగే అనుకున్నాను. ఇన్నేళ్ళు చదువు ఎందుకు ఆగిందో చెప్పే కాగితం కావాలంటే, ఎమ్మార్వో ఆఫీసుకు స్కూటర్ మీద ఆయనే తీసుకుపోయాడు. "మధ్యల గిన్ని ఏండ్లు ఏం జేసినవమ్మా?" అని గుమస్తా అడిగాడు. "వండిన," అన్నాను. ఆయన దాన్ని ఎలా రాసుకున్నాడో నాకు తెలియదు.

క్లాసులు మొదలైన వారానికే భవిత కబురు మోసుకొచ్చింది. మనిషి రాకపోతే పేరు కొట్టేస్తారట.

"గిదేం లొల్లి?" అన్నాడు ఇంటాయన. పంచాయితీలు చెప్పే మనిషికి ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం చావుతో సమానం. "మాటిచ్చిన గద. పోయి కూసో. నాలుగు దినాలైతే నీకే యాష్టకొస్తది," అన్నాడు.

భవిత బస్సులోనే షరతులు పెట్టింది. "అమ్మా, క్లాసుల నన్ను బిడ్డా అని పిలువకు. నా పక్కన కూసోకు. టిఫిన్ డబ్బా అందరి ముంగట నాకియ్యకు."

సరేనన్నాను. వెనక బెంచీలో కూర్చున్నాను. నా డబ్బాలో సర్వపిండి ఉందని తెలిసిన రోజు పిల్లలంతా నా బెంచీ చుట్టూ చేరారు. భవిత ఒక్కతే ముందు బెంచీలో కూర్చుని ఎంతసేపని మూతి ముడుచుకుంటుంది? రెండో సర్వపిండి అయిపోకముందే అదీ వచ్చింది.

ఆయన అన్నట్టు నాకు యాష్ట రాలేదు, విసుగు పుట్టలేదు. పెళ్ళయినప్పటి నుంచి ఎవరేం చెప్పినా నేను పని చేసుకుంటూనే విన్నాను. చేతిలో చాటో, గరిటో, చీపురో ఏదో ఒకటి ఉండేది. క్లాసులో మేడం చెప్తుంటే నా రెండు చేతులూ ఖాళీగా బల్ల మీద ఉండేవి. మొదట్లో వాటిని ఏం చేసుకోవాలో తోచేది కాదు. తర్వాత ఆ సుఖం అలవాటైంది. అంత సుఖం దొరికినందుకు ఎవరికి దండం పెట్టాలో తెలియక, బస్సు దిగాక కొన్నిసార్లు ఊరికే నవ్వుకుంటూ నడిచేదాన్ని.

మా పాఠాల్లో ఒక కథ ఉండేది. కథలో మాణిక్యమ్మ అనే ఆమె పెంచుకున్న ఆవును మొగుడు ఆమెకు ఒక్క మాట చెప్పకుండా తన చుట్టానికి ఇచ్చేస్తాడు. ఆమె ఏడవదు, తిట్టదు. ఇంటికి తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకొని వెళ్ళిపోతుంది. పగలంతా కాలవ గట్టు మీద కూర్చుంటుంది. పొద్దుగూకే వేళకు తిరిగొచ్చి తాళం తీసి పొయ్యి రాజేస్తుంది. అక్కడితో కథ అయిపోతుంది.

నాకు ఒళ్ళు మండింది. ఎందుకు తిరిగొచ్చినట్టు? పొయ్యి రాజేయడానికా?

దసరాకు ముందు టెస్టు పెట్టారు. ‘మాణిక్యమ్మ పాత్రను గురించి రాయండి’ అని ప్రశ్న. నేను చేయి నొప్పి పుట్టేదాకా రాశాను. మాణిక్యమ్మ కాలవ గట్టు నుంచి లేచి నేరుగా బస్సెక్కి అక్క ఊరికి పోయింది. అక్కడ పాల వ్యాపారం పెట్టింది. మొగుడు వెతుక్కుంటూ వస్తే, గిన్నె తెచ్చుకొని వరసలో నిలబడమంది. ఆ రచయితకు చేతకాకపోతే నాకూ చేతకాదా అనుకున్నాను. మొత్తం క్లాసులో నా అంత రాసినవాళ్ళు లేరు, నాకన్నా తక్కువ మార్కులు వచ్చినవాళ్ళూ లేరు.

ఆ సాయంత్రం మేడ్చల్ బస్టాండులో మేడం నా పక్కన కూర్చుంది. కోపం దాచుకోవడం నాకు రాదు. అటు తిరిగి కూర్చున్నాను.

"జయమ్మగారూ, మీరు మాణిక్యమ్మకి న్యాయం చేశారు. నాకు భలే నచ్చింది, మా ఇంట్లో చదివి వినిపించాను కూడా. కాకపోతే అది మీ కథ. నేనడిగింది ఆ కథ గురించి కదండీ."

"కథ గురించి రాసుడంటె కథ జెప్పుడే గద మేడం?"

"కాదమ్మా. మీకు ఒళ్ళు మండింది కదా. ఏ మాట దగ్గర మండిందో చూడండి. రచయిత ఆమెను ఎందుకు వెనక్కి తీసుకొచ్చాడో, దానికి కథలో ఏం పెట్టాడో వెతకండి. దొరికితే రాయండి. దొరక్కపోతే దొరకలేదనే రాయండి, దానికీ మార్కులేస్తాను."

నాగారం వైపు పోయే బస్సు వచ్చింది. ఆవిడ ఎక్కుతూ, "మళ్ళీ రాసి తీసుకురండి," అంది. ఎవరైనా నన్ను ఏదైనా మళ్ళీ చెయ్యమన్నారంటే ఉప్పు తక్కువైనప్పుడే. అలా గౌరవంగా, నా వల్ల అవుతుందన్న నమ్మకంతో మళ్ళీ చెయ్యమన్నది ఆవిడ ఒక్కతే.

ఇంటికి వచ్చాక అన్నాల దగ్గర భవిత మొదలుపెట్టింది. "బాపు, అమ్మ టెస్టుల కథనే మార్చేసింది. మాణిక్యమ్మతోని పాల దుకాణం పెట్టిచ్చింది."

"ఎవలా మాణిక్యమ్మ? ఏ ఊరామె?" అన్నాడు ఇంటాయన.

కథంతా చెప్పాను. ఆయన ముద్ద నములుతూ విన్నాడు. మాకు పెళ్ళయిన తర్వాత ఉప్పు, కారం, కరెంటు బిల్లు, చుట్టాల పెళ్ళిళ్ళు తప్ప వేరే ముచ్చట ఆయన నా నోట అంతసేపు విన్నది అదే మొదలు.

"గంతేనా? ఓడిపోయి వచ్చింది. పొద్దుగూకితే ఏడికి పోతది?" అని తేల్చేశాడు.

"ఓడిపోయి రాలె!"

"రాలేదని నువ్వంటే అయితదా? నా కాడికి వచ్చినోడు ప్రతోడు గట్టు నాదే అంటడు. నోటిమాట నడ్వది. హద్దురాయి ఏడున్నదో సూపియ్యాలె. ఓడిపోలేదని పుస్తకంల ఏడున్నది?"

నేను ఎంగిలి చేయి కడుక్కొని పుస్తకం తెచ్చాను. తిరగేశాను, మరగేశాను. ఎక్కడా లేదు. ఆయన మీసం సవరించుకొని, "కేసు కొట్టేసిన," అని లేచి పోయాడు. భవిత నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఇద్దరినీ కలిపి తిట్టాను.

తర్వాత ఆ కథను ఎన్నిసార్లు చదివానో. బర్రెకు కుడితి పెడుతూ చదివాను, అన్నం ఉడుకుతుంటే చదివాను. ఒక పొద్దున పొయ్యి ముందు కూర్చుని మొదటి పేజీ చదువుతుంటే కనబడింది. ఎన్నిసార్లు చదివినా ఆగకుండా దాటిపోయిన వాక్యం అది. పొద్దున మొగుడు బయటికి పోతుంటే, చేతిలో చాటతో వస్తున్న మాణిక్యమ్మ గోడకు ఒదిగి దారి ఇస్తుంది. గబగబా చివరి పేజీకి పోయాను. ఆమె కొంగున ఉన్న తాళంచెవి విప్పుతుంటే, పగలంతా అరుగు మీద కూర్చున్న మొగుడు లేచి పక్కకు జరిగి దారి ఇస్తాడు. ఆమె ముందు లోపలికి పోతుంది. అతను వెనక పోతాడు. రచయిత ఇంకొక్క మాట కూడా చెప్పలేదు.

అన్నం అడుగంటింది. నేను పుస్తకం పట్టుకొని అరుగు మీదికి పరుగెత్తాను. అక్కడ ఆయనతో ఇద్దరు ముగ్గురు ఉన్నారు, ఏదో ప్లాటు ముచ్చట. "దొరికింది! ఇగో హద్దురాయి!" అన్నాను.

ఆయన వాళ్ళను ఆగమని సైగ చేసి పుస్తకం తీసుకున్నాడు. పట్టా కాగితం చదివినట్టే చదివాడు, మాట మాట కూడబలుక్కుంటూ. మొదటి పేజీలో బొటనవేలు పెట్టి ఉంచి చివరి పేజీ చదివాడు. మళ్ళీ మొదటికి వచ్చాడు. మళ్ళీ చివరికి పోయాడు.

"ఊఁ," అన్నాడు. "పొద్దుగాల ఆమె జరిగింది. పొద్దుమూకి ఆయన జరిగిండు. మనిషి గదే, ఇల్లు గదే, జరిగేటోళ్ళు మారిండ్రు." పుస్తకం నా చేతికిచ్చాడు. "నీ దిక్కే తీర్పు."

అదంతా రాసి మేడంకు ఇచ్చాను. ఆవిడ స్టాఫ్ రూములో నన్ను నిలబెట్టే చదివింది, చదివి కళ్ళజోడు తీసింది. "ఇలా చదవడం ఎవరు నేర్పారండీ మీకు?"

"సగం మీరు. సగం మా ఇంటాయన, గట్టు పంచాయితీలు జెప్తడు."

ఆవిడ ఎంత నవ్విందంటే పక్క బల్ల దగ్గర లెక్కల సారు లేచి చూశాడు.

ఆ చలికాలం మా ఇంట్లో అన్నాల వేళ మారిపోయింది. "ఇయ్యాల ఏం జెప్పింది మీ మేడం?" అని ఆయనే అడిగేవాడు. నేను, భవిత చెరో పక్క వాదించేవాళ్ళం. ఆయన కావాలనే ఓడిపోయే పక్షం పట్టుకొని, "ఏడున్నది? సూపియ్యి," అని సతాయించేవాడు. ఒకసారి ఒక పద్యంలో రాజు చేసింది తప్పని ఆయనా, ఒప్పని భవితా వాదించుకొని పప్పు చల్లారబెట్టారు. ఆ మనిషి నవ్వుతుంటే ఎడమ కన్ను కొంచెం చిన్నదవుతుందని నేను అన్నేళ్ళ కాపురంలో అప్పుడే చూశాను. ఇంతకాలం పక్కనే ఉన్న మనిషిని నాకు పరిచయం చేసినందుకు ఆ పాఠాలకు ఎంత రుణపడ్డానో చెప్పలేను.

అంతా బాగుందనుకుంటుండగా సొసైటీ ఎన్నికలు వచ్చాయి. ఇంటాయన డైరెక్టరుగా నిలబడతానన్నాడు. ఆయన వెంట తిరిగే బాలమల్లు పొద్దున లేస్తే మా అరుగు మీదే ఉండేవాడు. మంచివాడే, కానీ నోటికి మూత లేదు. "అన్నా, వదిన పుస్తకాలు సంకల పెట్టుకొని బస్సెక్కుతాంటె ఊరోళ్ళు నవ్వుతున్నరు. ఇల్లు సక్కగ లేనోడు సొసైటీని ఏం సక్కజేస్తడంటున్నరు," అన్నాడొకసారి, నేను లోపల వింటున్నానని తెలిసే. ఆ రోజు అన్నాల దగ్గర ఇంటాయన పాఠం సంగతి అడగలేదు.

అప్పుడే మేడం క్లాసులో ఇంకో కబురు చెప్పింది. మా గ్రూపును ఉంచాలా తీసేయాలా అని ప్రిన్సిపాల్ ఆలోచిస్తూనే ఉన్నాడట. అర్ధ సంవత్సరం పరీక్షకు ఒక్కరు రాకపోయినా తీసేసినట్టే. "నాకోసం కాదు. మీకోసం అందరూ రండి," అంది.

ఆ పరీక్ష రోజూ, ఇంటాయన నామినేషన్ వేసే రోజూ ఒకటే అయ్యాయి. పరీక్ష పదింటికి మేడ్చల్‌లో. నామినేషన్‌కు బయలుదేరే ముహూర్తం కూడా పదింటికే, పంతులు పెట్టాడు.

నేను చిక్కుడుకాయలు తుంచుతుంటే ఆయన వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఒక కాయ తీసుకొని తాను కూడా తుంచాడు. ఆయన అలాంటి పనికి చేయి పెట్టాడంటే అడగడానికి ఏదో ఉన్నట్టే.

"ఆ పొద్దు నువ్వు ఎదురు రావాలె గద," అన్నాడు.

మా దగ్గర అది పద్ధతి. ఇంట్లో మగవాళ్ళు పెద్ద పని మీద బయలుదేరుతుంటే, ఇంటి ఇల్లాలు నిండు చెంబు పట్టుకొని ఎదురు నడిచి రావాలి. కోర్టుకు పోయినా, భూమి కొనడానికి పోయినా ఆయనకు నేనే ఎదురు వచ్చాను.

"మీ అక్కను రమ్మను."

"అక్క వస్తది. పెండ్లాం ఏదిరా అని జనం అడుగుతరు."

"నేను రాకుంటె ఓడిపోతవా?"

"గట్ల గాదు." కాయను చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. "ముహూర్తం మార్సుదమని పంతులుకు జెప్పి సూసిన. ఆ పొద్దు ఇగ మంచి గడియ లేదన్నడు. బాలమల్లు గూడ మొత్తుకుంటున్నడు."

"నేను పోకుంటె గ్రూపు తీసేస్తరు. భవిత ఒక్కదాని ముచ్చట గాదు, అందరి పిల్లలది."

"తెల్సు," అని లేచి పోయాడు. అరవలేదు. అరిస్తే నాకు సులువుగా ఉండేది, నేనూ అరిచేదాన్ని.

భవిత తలుపు చాటు నుంచి వచ్చి నా పక్కన కూర్చుంది. "అమ్మా, నువ్వు బాపు దిక్కే ఉండు. నేను వేరే గ్రూపుల చదువుకుంట. ఏం గాదు," అంది. నా పక్కన కూర్చోకని బస్సులో షరతు పెట్టిన పిల్ల అది. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, పోవాల్సిందే అనుకున్నాను.

ఆ రాత్రి వడ్డిస్తూ చెప్పాను. "నేను పరీక్షకు పోతున్న." ఆయన మజ్జిగ పోసుకొని తిన్నాడు. చేయి కడుక్కున్నాడు. అరుగు మీదికి పోయాడు.

ఆ రోజు పొద్దున మా ఇంటి ముందు జీపు, జెండాలు, డప్పులు. కుంకుమ పళ్ళెం, కొబ్బరికాయ, కడిగిన చెంబు అన్నీ ఆడబిడ్డ చేతికి అప్పజెప్పాను. ఆమె నా ముఖం చూడకుండానే తీసుకుంది. దొడ్డిదారిన పోదామా అనుకున్నాను. నేను దొంగతనానికి పోవట్లేదు గదా అని ముందు గేటు నుంచే బయటికి నడిచాను. పక్కన భవిత, దాని చేయి నా చేతిలో. ఎవరూ పలకరించలేదు. బాలమల్లు జెండా సరిచేస్తున్నట్టు అటు తిరిగాడు. ఇంటాయన ఎక్కడా కనిపించలేదు. పోయేటప్పుడు ఒక్కసారి ముఖం చూసి పోదామనుకున్నాను, అదీ లేదనుకున్నాను.

బస్సెక్కే చౌరస్తా వైపు తిరిగేసరికి డప్పులు ఆగిపోయాయి. తల ఎత్తి చూశాను.

చౌరస్తా దిక్కు నుంచి ఆయన మాకు ఎదురుగా వస్తున్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లబట్టలు. రెండు చేతులతో పట్టుకున్న నిండు చెంబు. అలవాటు లేని పని, నీళ్ళు తొణికి చొక్కా ముందంతా తడిసింది. పెళ్ళికొడుకులా కాదు, కొత్తకోడలిలా ఒక్కో అడుగు చూసుకుంటూ వేస్తున్నాడు. ఊరు ఊరంతా నోరు తెరిచి చూస్తోంది.

"అన్నా! గదేందే? మొగోడు ఎదురొచ్చుడు ఏడన్న ఉన్నదా?" అని బాలమల్లు అడ్డం పరుగెత్తాడు.

"నువ్వు జర పక్కకు జరుగు. వాళ్ళు పని మీద పోతున్నరు, నేను ఎదురొస్తున్న," అన్నాడు ఇంటాయన.

మా ముందుకు వచ్చి ఆగాడు. నా ముఖం చూడలేదు, చెంబులో నీళ్ళే చూస్తున్నాడు. "జల్దీ పోండ్రి. బస్సు పోతది," అన్నాడు.

ఆ క్షణం ఆయన మీద కలిగినంత ప్రేమ నాకు పెళ్ళినాడు కూడా కలగలేదు. ఏదో ఒకటి అనాలనుకున్నాను. భవిత నా చేయి పట్టి లాగితే నడిచాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని మేడ్చల్ దాకా ఏడ్చాను. "పరీక్షల గూడ ఏడుస్తవా ఏంది?" అని అది కొంగుతో నా ముఖం తుడిచింది.

గేటు దగ్గర పార్వతీదేవి మేడం నిలబడి ఉంది. వచ్చినవాళ్ళను వేలు చూపి లెక్కపెడుతోంది. నన్ను చూసి లెక్క ఆపేసి, చేతులు రెండూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. లోపల ఏం ప్రశ్న వచ్చిందో, ఏం రాశానో నాకు ఇప్పటికీ గుర్తే, కానీ అది వేరే ముచ్చట. మా గ్రూపు నిలబడింది. భవిత, నేను కలిసే డిగ్రీ పట్టా తీసుకున్నాం. ఆ తర్వాత నేను పండిట్ ట్రైనింగు చేశాను. ఇప్పుడు శామీర్‌పేటలో పిల్లలకు తెలుగు చెప్తున్నాను. పాఠం చెప్పిన ప్రతిసారీ మేడంను, ఇంటాయనను తలుచుకుంటాను.

ఇంటాయన ఎన్నికల్లో ఓడిపోయాడు. పెండ్లాం ఎదురు రాకపోతే గట్లనే అయితది అని ఊళ్ళో అందరూ అన్నారు, బాలమల్లు అందరికంటే ఎక్కువ అన్నాడు. ఫలితం తెలిసిన సాయంత్రం ఆయన వచ్చి పీట మీద కూర్చుంటే నాకు మనసు ఆగలేదు. పళ్ళెం పెట్టి అక్కడే నిలబడ్డాను.

"నేను ఎదురొస్తె గెలుద్దువేమో," అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. "సొసైటీకి నేను గాకుంటె ఇంకొకడు దొరికిండు. గా క్లాసుకు నువ్వు గాకుంటె ఎవలు దొరుకుదురే?"

అని, పళ్ళెం ముందుకు జరుపుకొని అన్నం కలుపుకున్నాడు.